గిన్నె ఎవరు తీశారు?

సభాధ్యక్షులకు, మాస్టారి కుటుంబానికి, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు, ఆయన చేత తిట్లు తిన్నవాళ్లకు నమస్కారం. చివరి రెండు వర్గాలూ ఒకటేనని నాకు తెలుసు.

ఆహ్వానపత్రం మీద ఆయన పేరు, చదువు అన్నీ వేశారు. ఈ ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు కాబట్టి నేనూ మాస్టారనే అంటాను. కాలేజీలో ఆయన చెప్పింది మనస్తత్వశాస్త్రం. ఆదివారం సాయంత్రాలు మాత్రం 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, ఒక తెల్ల దుప్పటి, కిర్రుమనే మడత కుర్చీలు. సినిమా అయిపోయి లైట్లు వెయ్యగానే ఎవర్నో ఒకర్ని లేపి అడిగేవారు: "ఇందులో మొదటి అబద్ధం ఎవరాడారు?" బెర్గ్‌మన్ సినిమా అయినా సరే, మన పౌరాణికమైనా సరే, ముందు ఆ ప్రశ్న. దర్శకుడి ప్రతిభ, కెమెరా పనితనం అవన్నీ తర్వాత. టీ చల్లారిపోయేది గానీ జవాబు తేలేది కాదు.

ఆయన చూడని ఒక సినిమాకు ఆ ప్రశ్న వేసి చూద్దామని వచ్చాను. పేరు ‘ది విచ్’. రాబర్ట్ ఎగర్స్ తీసిన మొదటి సినిమా. 2015 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో చూపించారు, దర్శకత్వానికి అక్కడే బహుమతి వచ్చింది. మరుసటేడు థియేటర్లకు వచ్చింది. చూసినవాళ్లు ఎంతమంది? ఫరవాలేదు, కథ చెప్పేస్తాను. ముగింపు తెలిసినా భయం తగ్గని సినిమా ఇది.

ముందు వరసలో చర్చికి వెళ్లే మిత్రులు కూర్చున్నారు. నేను మాట్లాడేది 1630 ప్రాంతంలో ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఒక ప్యూరిటన్ కుటుంబం, అంటే కఠిన నిష్ఠ గల ప్రొటెస్టెంట్ కుటుంబం గురించి మాత్రమే. క్రైస్తవం మొత్తం మీద తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు.

నా వాదన దాచను. ఆ ఇంట్లో అందరూ పొద్దునా సాయంత్రం మేం పాపులమని దేవుడి ముందు ఒప్పుకుంటారు. ఫలానా పని నేనే చేశానని మాత్రం ఒకరి ముందు ఒకరు ఒప్పుకోరు. మొదటి ఒప్పుకోలు రెండోదానికి మాటుగా పనికొస్తుంది. అలా మాటున పడ్డ తప్పు అక్కడే ఉండిపోదు. ఇంట్లో ఎవరి మీద అప్పటికే కోపం ఉందో వాళ్ల నెత్తిన నేరమై కూర్చుంటుంది.

1

విలియం అనే రైతు మతం విషయంలో ఊరి పెద్దలతో తగువు పడతాడు. వాళ్ల భక్తి చాలదంటాడు. పెద్దలు అతన్ని వెలివేస్తారు. భార్య కేథరిన్, ఎదిగిన కూతురు థామసిన్, కొడుకు కేలెబ్, కవలలు మెర్సీ, జోనాస్. వీళ్లతో బండి కట్టుకుని అడవి అంచున గుడిసె వేస్తాడు. అక్కడే శామ్యూల్ పుడతాడు.

వెలి అనే మాటను మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఆ కాలనీలో మతంతో తగువు పడినవాళ్లకు అదే గతి. రోజర్ విలియమ్స్, ఆన్ హచిన్సన్ లాంటివాళ్లను మసాచుసెట్స్ నుంచి వెళ్లగొట్టింది ఆ దశాబ్దంలోనే. అయితే విలియం వెలితో పాటు ఇంకొకటి పోగొట్టుకున్నాడు. చర్చి సభ్యుల పిల్లలకే బాప్తిస్మం. చర్చి లేదు కనుక శామ్యూల్‌కు బాప్తిస్మం లేదు.

ఆ పసివాణ్ణి థామసిన్ ఆడిస్తూ ఉంటుంది. కళ్లు మూసుకుని తెరిచి "బూ" అంటుంది, పిల్లాడు నవ్వుతాడు. ఇంకోసారి మూసి తెరిచేసరికి దుప్పటి ఖాళీగా ఉంటుంది.

బాప్తిస్మం లేకుండా పోయిన ఆ బిడ్డ గతేమిటన్నదే ఇక ఆ ఇంటి భయం. వాళ్లు నమ్మిన సిద్ధాంతం ప్రొటెస్టెంట్ మతాచార్యుడు కెల్విన్‌ది. మనిషి పుట్టుకతోనే పాపి. ఎవరు తరిస్తారో, ఎవరు నరకానికి పోతారో దేవుడు ముందే నిర్ణయించాడు. ఆ నిర్ణయం ఏమిటో మనిషికి తెలిసే దారి లేదు. తనలో రక్షణ గుర్తులు కనిపిస్తున్నాయేమోనని జీవితాంతం లోపలికి తొంగి చూసుకోవడమే పని. పసిపిల్లలకూ మినహాయింపు లేదు. మైకేల్ విగిల్స్‌వర్త్ అనే పాస్టరు 1662లో తీర్పు దినం మీద ఒక పెద్ద కావ్యం రాశాడు. పుట్టీ పుట్టకుండానే పోయిన పిల్లల్ని దేవుడి ముందు నిలబెట్టి వాదింపజేశాడు. ఆ కావ్యంలో దేవుడు వాళ్లకు చూపగలిగిన దయల్లా నరకంలోనే బాధ కాస్త తక్కువుండే చోటు. ఆ పుస్తకాన్ని న్యూ ఇంగ్లండ్ ఇళ్లలో పిల్లల చేత కంఠస్థం చేయించారు.

2

ఇక్కడ కాసేపు ఆగుతాను, నా ఉపన్యాసానికి గుండెకాయ ఇదే.

మొక్కజొన్న కంకులు కుళ్లిపోయాయి. చలికాలం వస్తోంది. తిండి కోసం ఉచ్చులు కావాలి, కొనడానికి డబ్బు లేదు. కేథరిన్ దగ్గర వాళ్ల నాన్న ఇచ్చిన వెండి గిన్నె ఉంది. విలియం ఆమెకు చెప్పకుండా దాన్ని మార్చుకుని ఉచ్చులు తెచ్చాడు.

కేలెబ్‌ను వేటకు తీసుకెళ్తూ దారిలో వాడి చేత పాఠం ఒప్పచెప్పిస్తాడు. నువ్వు పాపివేనా? పాపంలోనే పుట్టావా? పిల్లాడు గడగడా చెప్పేస్తాడు. అంతలో వాడికి తమ్ముడు గుర్తొస్తాడు. శామ్యూల్ నరకానికి పోయాడా నాన్నా, నేను ఇవాళ చచ్చిపోతే ఎక్కడికి పోతాను, అని అడుగుతాడు. పాఠంలో లేని ప్రశ్న అది. విలియం దగ్గర జవాబు లేదు. కసురుకుంటాడు, మాట మారుస్తాడు. గిన్నె సంగతి కొడుక్కి చెప్పేది కూడా ఆ అడవిలోనే. అమ్మకు చెప్పొద్దంటాడు.

ఇంటికొచ్చాక కేథరిన్ నిలదీస్తుంది, చెప్పకుండా ఎక్కడికెళ్లారని. తండ్రి నోరు తెరవడు. లోయలో ఆపిల్ చెట్టు చూసినట్టు అనిపించింది, నీకోసం పళ్లు తెద్దామని వెళ్లాం అంటాడు కేలెబ్. తండ్రి కాదనడు. ఆ రాత్రి మొక్కజొన్న గింజల ముందు ఇంత పొడుగు ప్రార్థన. మనమంతా నీచులం, అర్హత లేనివాళ్లం అని.

తర్వాత కేథరిన్ గిన్నె కోసం వెతుకుతుంది. థామసిన్‌ను అడుగుతుంది. తెలీదంటే, దాన్ని కూడా తోడేలే ఎత్తుకుపోయిందా అని ఎత్తిపొడుస్తుంది. పిల్లాణ్ణి తోడేలు ఎత్తుకుపోయిందనే మాటతో ఆ ఇల్లు ఎలాగో సర్దుకుని ఉంది కదా, ఆ మాట మీద తల్లికి నమ్మకం లేదని అప్పుడు బయటపడుతుంది. విలియం ఆ గదిలోనే ఉన్నాడు. తను చేసిన పని కూతురి మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అతను క్రూరుడైతే మనకు సులువుగా ఉండేది. రాల్ఫ్ ఐనెసన్ ఆ పాత్రను చేసిన తీరు చూడండి. బొంగురు గొంతు, పెద్ద శరీరం, పిల్లలంటే ప్రాణం. పిరికితనం అంత ప్రేమగల మనిషిలో ఉండటమే భరించలేం.

మాస్టారి ప్రశ్నకు చాలామంది కేలెబ్ పేరు చెబుతారు, ఆపిల్ అబద్ధం వాడిదే కనుక. నేను విలియం మౌనం అంటాను. పిల్లాడు ఆ మౌనానికి మాటలు తొడిగాడంతే.

అతను ఎందుకు చెప్పలేకపోయాడు? పాపినని ఒప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి కాదు కదా. అది అతనికి రోజువారీ పని. నా ఉద్దేశంలో కారణం కూడా అదే. పుట్టుకతోనే సంపూర్ణంగా చెడినవాడికి ఒక గిన్నె ఎంత? సముద్రమంత పాపం నెత్తిన పెట్టుకున్నవాడికి చెంబెడు నీళ్లు లెక్కకు రావు. దేవుడి ముందు అతను మొత్తం ఒప్పేసుకున్నాడు. భార్య ముందు ఒప్పుకోవలసింది మిగిలిపోయింది. దేవుడికి చెప్పినప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు, ‘మా నాన్న గిన్నె ఎందుకు తీశావు’ అని అడిగేవాళ్లు ఉండరు.

కొడుకు అడవిలో తప్పిపోయాక గాని అతని నోట ఆ మాట రాదు. అప్పటికి దాని అవసరం తీరిపోయింది.

అన్నట్టు, విలియం మనసు బాగాలేనప్పుడల్లా కట్టెలు కొడతాడు. పొయ్యికి చాలినన్ని ఎప్పుడో అయిపోయాయి, ఇంకా కొడుతూనే ఉంటాడు. చివర మేకపోతు కుమ్మితే ఆ కట్టెల మోపే మీద పడి చస్తాడు. ఎగర్స్ చిన్న వస్తువుల్ని కూడా వృథా పోనివ్వడు.

3

కేథరిన్ గురించి మొగుడి గురించి చెప్పినంత చెప్పను, ఆమె బాధ మనకు తొందరగా అర్థమవుతుంది. బిడ్డ పోయింది మొదలు ఏడుస్తూనే ఉంటుంది. ఆమెను ఇంగ్లండ్ నుంచి తెచ్చింది మొగుడు, ఊరి నుంచి వెలి వేయించుకున్నదీ మొగుడే. అతని మీద కోపం చూపించే వీల్లేదు, అతను ఇంటి పెద్ద, దేవుడి తరఫు మనిషి. ఆ కోపం పక్కనున్న ఆడపిల్ల మీదికి మళ్లింది. పిల్ల ఎదుగుతోంది, కేలెబ్ అక్క వంక దొంగచూపులు చూస్తున్నాడు. వీటన్నిటికీ ఒకటే పరిష్కారం, థామసిన్‌ను ఎవరింటికైనా పనికి పంపేయడం. భార్యాభర్తలు గుసగుసలాడుకుంటారు. పిల్లలు అటక మీద పడుకుని అంతా వింటారు.

పిల్లల్ని ఇతరుల ఇళ్లకు పంపడం ఆ సమాజంలో మామూలే. చరిత్రకారుడు ఎడ్మండ్ మోర్గాన్ 1944 నాటి పుస్తకంలో దీనికొక ఊహ చేశాడు. ప్యూరిటన్ తల్లిదండ్రులు తమ ప్రేమను తామే నమ్మలేదట. ప్రేమ ఎక్కువైతే పిల్లలు చెడిపోతారని దూరంగా పెట్టారట. ఎంతవరకు నిజమో గానీ, కేథరిన్ ముఖం చూస్తుంటే ఆ మాట గుర్తొస్తుంది.

తరిస్తామో లేదోనన్న భయం మనిషిని ఎంత దూరం తీసుకెళ్లగలదో చూడాలంటే సినిమా అక్కర్లేదు. మసాచుసెట్స్ గవర్నరు జాన్ విన్‌త్రాప్ తన దినచర్యలో 1637లో ఒక సంగతి రాసుకున్నాడు. బోస్టన్ చర్చికి చెందిన ఒక స్త్రీ తను తరిస్తుందో లేదో తెలియక చాలాకాలం నలిగిపోయింది. ఒకరోజు చంటిబిడ్డను తీసుకెళ్లి నూతిలో పడేసింది. ఇంట్లోకొచ్చి, ఇక నేను నరకానికి పోవడం ఖాయం అని చెప్పింది. ఎవరో పరుగెత్తి బిడ్డను బతికించారు. నాకు ఒళ్లు జలదరించింది బిడ్డను పడేసినందుకు కాదు, ఆ తర్వాత ఆమెకు దొరికిన నిశ్చింతకు. రూపం లేని పాపాన్ని ఆమె మొయ్యలేకపోయింది. నేను ఇది చేశాను అని చెప్పుకోగల ఒక పని ఆమెకు కావలసి వచ్చింది.

4

ఇప్పుడు థామసిన్. ఆన్యా టేలర్-జాయ్‌ను ప్రపంచానికి చూపించిన పాత్ర ఇది.

సినిమా మొదట్లోనే ఈ పిల్ల ఒంటరిగా ప్రార్థన చేస్తుంది. జాగ్రత్తగా వినండి. సబ్బాతు రోజు ఆడుకున్నాను, పనిలో బద్ధకించాను, ప్రార్థన ఎగ్గొట్టాను, మనసులో అమ్మానాన్నల మాట కాదన్నాను. చిన్నవే, కానీ పేరుపేరునా చెబుతుంది. ఆ ఇంట్లో తప్పును తప్పుగా లెక్కపెట్టడం తెలిసింది ఈ పిల్లకే. చివరికి చెయ్యని తప్పు ఒప్పుకోమని ప్రాణం తీసేదీ ఈ పిల్లనే.

ఆమె కూడా ఒక అబద్ధమాడింది. చెల్లెలు మెర్సీ విసిగిస్తుంటే, అవును, శామ్యూల్‌ను నేనే ఎత్తుకుపోయాను, నేనే అడవి మంత్రగత్తెను, నిన్ను తినేస్తాను అని బెదిరించింది. అక్కాచెల్లెళ్ల పోట్లాటలో ఇంతకంటే ఘోరాలు మనమూ అన్నవాళ్లమే. తర్వాత సాక్ష్యంగా నిలబడింది ఆ మాటే. ఆ ఇంట్లో అందరూ నమ్మిన ఏకైక ఒప్పుకోలు అబద్ధపు ఒప్పుకోలు. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల్లోనూ అంతే. నేరం ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్లను ఉరి తియ్యలేదు. ఉరికంబం ఎక్కిన 19 మందీ ఒప్పుకోనివాళ్లు, లేదా చెప్పింది వెనక్కి తీసుకున్నవాళ్లు.

కేలెబ్ అడవి నుంచి వానలో, ఒంటి మీద బట్ట లేకుండా తిరిగొస్తాడు. జ్వరంతో మెలికలు తిరిగి నోట్లోంచి ఒక ఆపిల్ పండు కక్కుతాడు. ఆడిన అబద్ధం అలా పండై బయటపడింది. వాడు చనిపోయాక తండ్రి కూతుర్ని పట్టుకుని నిజం చెప్పమంటాడు. అప్పుడు ఆమె చెబుతుంది. గిన్నె నువ్వు తీశావు, అమ్మ నన్ను అంటుంటే ఊరుకున్నావు, నీకు పంట పండించడం రాదు, వేట రాదు, కట్టెలు కొట్టడం తప్ప ఏమీ రాదు. సినిమా మొత్తంలో ఒకరి తప్పు పేరు పెట్టి వాళ్ల మొహాన చెప్పింది ఇక్కడే. దానికి ప్రతిఫలంగా ఆమెను కవలలతో పాటు మేకల పాకలో పెట్టి మేకులు కొట్టేస్తాడు.

ఆ పాకలో మేకపోతు ఉంది, బ్లాక్ ఫిలిప్. బైబిలు తెలిసినవాళ్లకు లేవీయకాండం 16వ అధ్యాయం గుర్తు రావాలి. యాజకుడు మేక తల మీద రెండు చేతులూ ఉంచి, ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి తోలేస్తాడు. ఈ ఇంట్లో మేక దొడ్లోనే ఉండిపోయింది, అందరి పాపాలూ మోసుకుని అరణ్యంలోకి పోయింది పిల్ల. ఫ్రెంచి ఆలోచనాపరుడు రెనే జిరార్ జీవితమంతా ఈ బలిపశువు గురించే రాశాడు. సమూహం తన లోపలి పోరు తట్టుకోలేక ఒకరి మీదికి మళ్లుతుందనీ, ఆ ఒకరు నిజంగా దోషి అని మనసారా నమ్ముతుందనీ. ఊరు చేసే ఈ పని ఏడుగురున్న కుటుంబం కూడా చెయ్యగలదని ఈ సినిమా చూపించింది.

5

ఇక్కడ మీలో ఒకరు చెయ్యెత్తాలి. సినిమాలో మంత్రగత్తె నిజంగానే ఉంది కదా, పసివాణ్ణి ఎత్తుకుపోయింది ఆమే కదా, ఇక ఇది మనసుకు సంబంధించిన భయం ఎలా అవుతుంది?

నిజమే. ఎగర్స్ దాచలేదు, సినిమా మొదలైన కాసేపటికే ఆమెను చూపించేశాడు. ఆ కాలపు మనుషులకు మంత్రగత్తె ఎంత నిజమో మనకూ అంతే నిజం కావాలన్నది అతని పట్టుదల. సంభాషణలు కూడా చాలావరకు ఆనాటి డైరీలు, కోర్టు కాగితాల నుంచే తీసుకున్నాడు, కొవ్వొత్తి వెలుగుతో, మబ్బు పట్టిన పగటి వెలుగుతో షూట్ చేశాడు. కానీ ఒక లెక్క వేద్దాం. మంత్రగత్తె శామ్యూల్‌ను తీసుకుపోయింది, కేలెబ్‌ను మాయ చేసింది. గిన్నె తీసింది ఆమె కాదు. ఆపిల్ అబద్ధం ఆమెది కాదు. కూతుర్ని పనికి పంపుదామన్నది, పాకలో వేసి మేకులు కొట్టింది, చివర మీద పడి గొంతు నులమబోయింది ఆమె కాదు. తల్లి చేతిలో చావకుండా ఉండటానికి థామసిన్ తల్లినే చంపవలసి వస్తుంది. ఆ కత్తి ఇచ్చింది అడవి కాదు.

కుళ్లిన మొక్కజొన్నను చూపించి, ఇదంతా బూజు తిని వచ్చిన భ్రమ అనేవాళ్లూ ఉన్నారు. సేలం విషయంలో అలాంటి వాదం 1976లోనే వచ్చింది, అదే ఏడు దానికి ఖండనా వచ్చింది. నాకు ఆ వివరణ మీద ఆసక్తి లేదు. దయ్యం మీద తోసినా బూజు మీద తోసినా విలియం ఒకేలా తప్పించుకుంటాడు.

ఇంట్లోంచే పుట్టే ఇలాంటి భయం వేరే సినిమాల్లోనూ ఉంది. ‘కేరీ’లో తల్లి కూతుర్ని అల్మారాలో వేసి ప్రార్థన చేయిస్తుంది, అది 1976. ‘హెరెడిటరీ’లో, 2018లో, భోజనాల బల్ల దగ్గర తల్లీకొడుకుల గొడవ ఉంది. చెల్లెలి చావుకు కారణమైన కొడుకు, దాని గురించి నోరు విప్పని ఇల్లు. ఇక్కడ ఎవరూ ఏదీ ఒప్పుకోరు అని ఆ తల్లి అరుస్తుంది. ‘ది విచ్’ చెప్పిన సంగతి ఆమె నోట సూటిగా వచ్చేసింది. అందుకే కాబోలు ఆ సినిమాలో దయ్యాలన్నిటికంటే ఆ అన్నం బల్ల ఎక్కువ భయపెడుతుంది.

మన దగ్గర ‘విరూపాక్ష’లో ఊరివాళ్లు క్షుద్రపూజలన్న నెపంతో భార్యాభర్తల్ని తగలబెడతారు, పగ తర్వాత తిరిగొస్తుంది. తప్పు ఊరిది, లెక్క తేలుతుంది. తెలుగు దయ్యానికి సాధారణంగా ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది, న్యాయం జరగగానే శాంతిస్తుంది. ‘ది విచ్’లో మంత్రగత్తెకు ఫ్లాష్‌బ్యాక్ లేదు. ఉన్న గతమంతా ఆ కుటుంబానిదే, దాన్ని తీర్చేవాళ్లు లేరు. ఏది గొప్పదో తేల్చమంటే నేను తేల్చను, భోజనాల దగ్గర పోట్లాడుకుందాం.

6

అందరూ పోయాక ఆ రాత్రి థామసిన్ మేకపోతును పలకరిస్తుంది. అది సైతాను గొంతుతో జవాబిస్తుంది. వెన్న రుచి చూస్తావా, మంచి గౌను కావాలా, లోకం చూస్తావా అని అడుగుతుంది. తన పుస్తకంలో సంతకం చెయ్యమంటుంది. రాయడం రాదంటే చెయ్యి పట్టి రాయిస్తానంటుంది. ఆమె అడవిలోకి నడుస్తుంది, మంటల చుట్టూ ఆడవాళ్లు గాల్లోకి లేస్తుంటే తనూ లేస్తుంది, నవ్వుతుంది.

దీన్ని స్త్రీ విముక్తి అని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. నేను అంత దూరం పోలేను. సైతాను ఆమెను విడిపించలేదు, ఇంకో పుస్తకంలో పేరు రాయించుకున్నాడు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. సినిమా మొత్తంలో ‘నీకేం కావాలి’ అని ఆ పిల్లను అడిగింది వాడొక్కడే.

ఆ బేరం చాలావరకు చరిత్రలో ఉన్నదే. 1671లో మసాచుసెట్స్‌లోని గ్రాటన్ అనే ఊళ్లో ఎలిజబెత్ న్యాప్ అనే 16 ఏళ్ల పిల్ల పాస్టరు శామ్యూల్ విల్లర్డ్ ఇంట్లో పనిమనిషి. ఆమెకు మూర్ఛలు వచ్చాయి, అరుపులు, వింత గొంతులు. సైతాను తనకు డబ్బు, పట్టు, మంచి బట్టలు, పని నుంచి విశ్రాంతి ఇస్తానన్నాడనీ, లోకమంతా చూపిస్తానన్నాడనీ చెప్పింది. ఆ జాబితా చదివితే ఒక పనిపిల్ల దినచర్య తిరగేసి చదివినట్టుంటుంది. తల్లిదండ్రుల్ని, పాస్టరు పిల్లల్ని చంపమని కూడా తనకు ప్రేరేపణ కలిగిందని చెప్పింది.

విల్లర్డ్ ప్యూరిటనే, సైతానును గట్టిగా నమ్మినవాడే. ఆ పిల్ల ఇరుగుపొరుగు స్త్రీ పేరు చెప్పినప్పుడు ఆమెను పిలిపించి పరీక్షించాడు, పొంతన కుదరకపోతే అక్కడితో ఆపాడు. ఆ స్త్రీ మీద కేసు నడవలేదు. పిల్ల రోజుకో మాట చెబుతుంటే ప్రతి మాటా రాసుకున్నాడు, ఏది ఎందుకు నమ్మలేకపోతున్నాడో కూడా రాసుకున్నాడు. నిజంగా సైతానుతో ఒప్పందం చేసుకుందా అన్నది తేల్చకుండా వదిలేశాడు. ఎవరినీ ఉరి తియ్యలేదు. ఎలిజబెత్ తర్వాత పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కన్నది.

అయిదేళ్ల తర్వాత స్థానిక తెగలతో జరిగిన యుద్ధంలో గ్రాటన్ తగలబడిపోయింది, విల్లర్డ్ బోస్టన్ చేరాడు. 1692లో సేలం కోర్టు కంటికి కనపడని రూపాల సాక్ష్యం మీద మనుషుల్ని ఉరి తీస్తున్నప్పుడు, అది చాలదని వాదించిన కొద్దిమంది పాస్టర్లలో ఆయనొకడు.